లైప్‌జిగ్‌లో రెండు రాత్రులు, వియన్నాలో నాలుగు

ముందే చెప్పేస్తున్నా, వియన్నాకి ఒక రోజు తగ్గించి లైప్‌జిగ్‌కి ఇవ్వండి. మేం ఆ పని చేయలేదు.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో, సెయింట్ థామస్ చర్చిలో శుక్రవారం సాయంత్రం ఆరింటికి మోటెట్ పాడతారు, అంటే పలు గొంతులు కలిసి పాడే భక్తి సంగీతం. స్కూలు సెలవుల్లో ఉండదు, చూసుకుని వెళ్లండి. టికెట్ కొద్ది యూరోలే. పాడేది 1212లో మొదలైన మగపిల్లల బృందం. అది మన ఎదుట నిలబడదు, వెనక పైనున్న గ్యాలరీలోంచి పాడుతుంది. చూడ్డానికేం లేదు కాబట్టి చెవులే పనిచేస్తాయి. ఒక గొంతు ఎత్తుకున్న వరసను ఇంకోటి అందుకుంటుంది, ఆ వెంటే మూడోది. ఏది ప్రధానమో చెప్పలేం. 1723 నుంచి 1750లో పోయేదాకా స్వరకర్త బాఖ్ కొలువు ఇక్కడే. సమాధి కూడా లోపలే ఉంది.

ఇంకో స్వరకర్త మెండెల్సన్ ఇల్లు నడిచే దూరమే. అక్కడ స్టాండు ముందు నిలబడి, ఆర్కెస్ట్రాని నడిపించేవాళ్లలా కర్ర ఊపితే స్పీకర్లే ఆర్కెస్ట్రా. మా తమ్ముడు పావుగంట ఆ కర్ర వదల్లేదు. క్రీస్తు చివరి రోజుల మీద బాఖ్ రాసిన 'సెయింట్ మాథ్యూ ప్యాషన్'ని 1829లో బెర్లిన్‌లో మళ్లీ వినిపించినప్పుడు మెండెల్సన్‌కి ఇరవయ్యేళ్లు. 1847లో ఈ ఇంట్లోనే పోయాడు. మన త్యాగయ్య పోయిందీ అదే ఏడు.

వియన్నాలో మేం దిగిన అపార్ట్‌మెంట్‌కి లిఫ్ట్ ఉందన్నారు, లేదు. నాలుగో అంతస్తు. బీథోవెన్ ఉన్న పాస్క్వలాటి ఇల్లూ నాలుగో అంతస్తే, అక్కడా మెట్లే. ఆయనతో సమానమయ్యామని సరిపెట్టుకున్నాం. తెల్ల విగ్గులు పెట్టుకుని వీధిలో టికెట్లమ్మే వాళ్ల దగ్గర మాత్రం కొనకండి. మాకు ముక్కలు ముక్కలుగా మోజార్ట్, చివర్లో వాల్ట్‌జులు వడ్డించారు.

అసలు చూడాల్సింది హోఫ్‌బర్గ్ రాజభవనంలోని పాత వాయిద్యాల మ్యూజియం. పియానోకి ముందునాటి హార్ప్సికార్డ్‌లో మీట నొక్కితే తీగను మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా ఒకటే శబ్దం. పియానోలో సుత్తి కొడుతుంది, కాబట్టి మెల్లగానూ గట్టిగానూ పలుకుతుంది. మోజార్ట్ నాటి పియానో చిన్నది, చెక్క చట్రం, ఐదు స్థాయిలే. తర్వాతవి చూస్తూ పోతే మీటలు పెరిగాయి, ఇనుప చట్రాలొచ్చాయి, హాళ్లూ పెద్దవయ్యాయి. బాఖ్ నుంచి పంతొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ యుగం దాకా సంగీతంలో జరిగింది పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు, ఇక్కడ ఎక్కింది.

మ్యూజిక్‌ఫెరాయిన్ అనే కచేరీ హాల్లో చవకగా దొరికే నిలబడే టికెట్‌తో స్వరకర్త మాలర్ మూడో సింఫనీ విన్నాం. గంటన్నర పైనే, మోకాళ్లు పట్టేశాయి. మోజార్ట్ సింఫనీల్లో సాధారణంగా హార్న్‌లు (ఊదే ఇత్తడి వాయిద్యాలు) రెండే, దీనికి ఎనిమిది! ఇదే హాల్లో 1913 మార్చి 31న, కొత్త తరహా సంగీతం రాసిన షోన్‌బెర్గ్ నడిపిన కచేరీలో శ్రోతలు కొట్టుకునేదాకా వచ్చింది. మధ్యలోనే ఆపేశారు. ఆ రోజు మిగిలిపోయినవి మాలర్ పాటలే.

మర్నాడు షోన్‌బెర్గ్ సెంటర్‌కి వెళ్లాం. లాస్ ఏంజెలిస్‌లో ఆయన పనిచేసుకున్న గదిని ఇక్కడ మళ్లీ అమర్చారు. నలుగురు ఆడే చదరంగం కూడా ఆయనే కనిపెట్టాడు. తమ్ముడు ఆ బల్లవైపు కాసేపు చూసి, "ఇదీ అర్థం కాలేదన్నయ్యా" అన్నాడు.