పాత ఫియట్ రిస్టోరేషన్‌కి ఇస్తున్నారా? ఇంజన్ తీయనిచ్చే ముందు ఇది చదవండి

మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు 1975లో రిజిస్టర్ అయిన బండి. ఫియట్ కారునే మన దేశంలో ఆ పేరుతో తయారు చేశారు. ఇంట్లో ఎవరం పద్మిని అనేవాళ్లం కాదు, ఫియట్ అనే అనేవాళ్లం. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురు చూసి కొన్నారు. ఆయన పోయాక దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని 2024 సెప్టెంబరులో హైదరాబాద్ శివార్లలో పాత బండ్లను రిస్టోరేషన్ చేసే, అంటే అసలు రూపానికి తెచ్చే ఒక గ్యారేజీకి ఇచ్చాను. మూడు నెలల్లో ఇస్తామన్నది తొమ్మిది నెలలు పట్టింది. మూడున్నర లక్షలన్న ఖర్చు 5 లక్షల 80 వేలైంది. డబ్బు పోయిందని కాదు నా బాధ. నాన్న బండి ఇంజన్ పోయింది, ఇక తిరిగి రాదు. మీలో ఎవరైనా ఇలాంటి పనికి అడ్వాన్సు ఇవ్వబోతుంటే ఒక్క పది నిమిషాలు ఆగండి.

నా ఉద్దేశం మొదటి నుంచీ ఒక్కటే. 2025లో బండికి 50 ఏళ్లు నిండుతాయి, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలి. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత బండికి 20 వేల రూపాయల ఫీజుతో పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు, ముందే రిజిస్టర్ అయిన బండికి పాత నంబరే ఉంటుంది. రోజువారీ తిరగడానికి పనికిరాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్లొచ్చు. అయితే షరతు గట్టిది. బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లో గానీ, బాడీ షెల్‌లో గానీ, ఇంజన్‌లో గానీ మార్పులు చేసి ఉండకూడదు. ఇదంతా గ్యారేజీ యజమానికి మొదటి రోజే చెప్పాను. తల ఊపాడు. కాగితం మీద మాత్రం రాయించుకోలేదు.

డిసెంబరులో ఫోన్ వచ్చింది. "సార్, ఇంజన్ బ్లాకు పగిలింది. ఈ 1089 సీసీ ఇంజన్‌కి సామాను దొరకదు. మారుతి ఇంజన్ పెడదాం, ఏసీ కూడా వస్తుంది, ఆర్టీఓ పని మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ రోజు ఆఫీసు టెన్షన్‌లో ఉన్నాను. పగిలిన బ్లాకు ఫోటో కూడా అడగకుండా సరే అన్నాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ సామాను దొరకదన్నది అబద్ధం. ముంబయిలో ఈ బండ్లు దశాబ్దాల పాటు టాక్సీలుగా తిరిగాయి, ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో గానీ ఆగలేదు. అక్కడి పాత సామాను మార్కెట్లలో పిస్టన్లు, రింగులు, బేరింగులు వెతికితే ఇప్పటికీ దొరుకుతున్నాయి.

బండి తెచ్చుకున్నాక బానెట్ ఎత్తి చూస్తే గుండె జారింది. కొత్త ఇంజన్ పట్టడానికి, పాత ఇంజన్‌ని బిగించే మౌంట్లు కోసేశారు. ఏసీ పైపుల కోసం ఇంజన్‌కీ కేబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడను కత్తిరించారు. పాత ఇంజన్ ఏదని అడిగితే స్క్రాప్‌కి ఇచ్చేశామన్నారు. అంటే ఆర్సీలో ఉన్న ఇంజన్ నంబరు, బండిలో ఉన్న నంబరు వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. వింటేజ్ ఆశ పోయింది. మామూలు రెన్యువల్‌కి వెళ్లినా నంబరు దగ్గరే ఆగిపోతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిరస్కరించొచ్చు.

సొంత అభిరుచికి తగ్గట్టు బండిని మార్చుకోవడం తప్పని నేననను. సీటు బెల్టులు, మంచి హెడ్‌లైట్లు లేని పాత బండిలో పిల్లల్ని కూర్చోబెట్టడం నాకూ భయమే. కానీ బండిని అసలు రూపానికి తెచ్చే రిస్టోరేషన్ వేరు, మనకు నచ్చినట్టు మార్చుకునే కస్టమ్ పని వేరు. మీకు ఏది కావాలో ముందే తేల్చుకుని, అగ్రిమెంట్‌లో ఆ మాట రాయించండి. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించాల్సిందే.

ఇక బాడీ సంగతి. జులైలో మొదటి గట్టి వాన పడ్డాక తలుపుల కింది అంచుల్లో పెయింటు పొక్కులు లేచింది. మా వీధి టింకరింగ్ మేస్త్రీ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పొడిచాడు, అది లోపలికి దిగిపోయింది. తుప్పు పట్టిన రేకును కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిన చోట వేలెడు మందం పుట్టీ పూశారు. ఫ్లోర్ కింద తుప్పు మీదే నల్ల కోటింగ్ కొట్టారు. ఫియట్‌కి విడిగా ఫ్రేము ఉండదు, బాడీయే బండి బరువంతా మోస్తుంది. ఫ్లోరు, తలుపుల కింది సిల్ కుళ్లితే అది అందానికి సంబంధించిన లోపం కాదు, మనిషి ప్రాణానికి సంబంధించినది.

అందుకే పెయింటు వేయనిచ్చే ముందు మీరే వెళ్లండి. పాత పెయింటు మొత్తం తీసిన రేకును కళ్లతో చూడండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి, పుట్టీ మందంగా ఉన్న చోట అది అతుక్కోదు. బండి ఇచ్చే రోజే ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, కార్బురేటర్, మీటర్లు, క్రోమ్ బంపర్లు అన్నిటికీ ఫోటోలు తీసి, విప్పిన ప్రతి పాత భాగం నాకే తిరిగివ్వాలని సంతకం పెట్టించుకోండి. నా బండి అసలు గ్రిల్ బదులు నకిలీది వచ్చింది, ఫోటో లేక గట్టిగా అడగలేకపోయాను. పని ఎంత జరిగితే అంతకే డబ్బివ్వండి. నేను సగం డబ్బు బిల్లు లేకుండా నగదుగా ఇచ్చాను, ఇప్పుడు దానికి రుజువు లేదు.

మోసపోయిన వాళ్లు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. రెండేళ్ల లోపు వేయాలి. నేను వేశాను, ఇంకా నడుస్తోంది. బండి మాత్రం ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉంది.

ఇంకొక మాట. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని బండి సామాను దుకాణాల్లో గానీ, ఇంకెక్కడైనా గానీ పద్మిని ఇంజన్ అమ్మకానికి ఉందని ఎవరైనా చెబితే, బ్లాకు మీద నంబరు చూసి, అది ఏ బండిదో చూపే కాగితాలు అడిగాకే డబ్బులు తీయండి. అది నాలాంటి వాళ్ల ఇంటి నుంచి, వాళ్లకు తెలియకుండా వచ్చినదై ఉండొచ్చు.