తలకు దెబ్బ తగిలాక చెదిరిన చూపుకు పూసల దారం, గులాబీ రంగు కళ్లద్దాలు: రెండేళ్ల వాడకం తరువాత

బ్రాక్ స్ట్రింగ్ అంటే మూడు రంగుల పూసలు గుచ్చిన, సుమారు మూడు మీటర్ల పొడవున్న తెల్లని దారం, అంతకు మించి ఏమీ లేదు. స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన ఫ్రెడరిక్ బ్రాక్ అనే ఆప్టోమెట్రిస్టు (చూపు పరీక్షించే నిపుణుడు) పేరు దానికి స్థిరపడింది. కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిపోవడం) తరువాత చూపు కోసం నేను కొన్న వస్తువులలో సొరుగులోకి చేరకుండా ఇప్పటికీ చేతికందే చోట ఉన్నది ఇదొక్కటే. దీనితోపాటు వాడిన ఎఫ్‌ఎల్-41 గులాబీ రంగు కళ్లద్దాల గురించి కూడా రాస్తున్నాను. దారం అక్షరాలు జంటలుగా కనిపించడానికి, అద్దాలు వెలుతురు గుచ్చడానికి, రెండూ వేర్వేరు బాధలకు ఉద్దేశించినవి కనుక ఒకదానికి బదులు మరొకటి కొంటే డబ్బు దండగ.

స్కూటర్ మీది నుంచి పడిన తరువాత నా సీటీ స్కాన్ మామూలుగానే ఉంది, అక్షరాల పట్టికలో చివరి వరుస కూడా చదివాను. అయినా దినపత్రిక చేతిలోకి తీసుకున్న కాసేపటికే అక్షరాలు జంటలై, ఒక అక్షరం కింది ఒత్తు పక్క అక్షరం కిందికి జరిగినట్టు కనిపించి, నుదురు పట్టేసేది. ఇది అరుదైన సంగతి కాదు. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వైద్యులు కంకషన్ అయిన 100 మంది కౌమార వయస్కులను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 69 మందికి ఏదో ఒక చూపు సమస్య ఉన్నట్టు, దాదాపు సగం మందికి కన్వర్జెన్స్ లోపం ఉన్నట్టు తేలింది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్లూ కలిసి ముక్కువైపు తగినంతగా తిరగలేకపోవడమే ఆ లోపం. అక్షరాల పట్టిక ఒక్కొక్క కంటిని విడివిడిగా పరీక్షిస్తుంది కాబట్టి అక్కడ ఇది బయటపడదు. రెండు కళ్లూ కలిసి పనిచేసే తీరును చూసే బైనాక్యులర్ విజన్ పరీక్ష చేయమని మనమే అడగవలసి ఉంటుంది. అందులో పెన్ను కొనను ముక్కు దగ్గరకు తెస్తూ అది ఎక్కడ రెండుగా విడిపోతుందో కొలుస్తారు. ఐదారు సెంటీమీటర్ల దాకా ఒకటిగానే కనిపించాలి. నాకు జానెడు దూరంలోనే విడిపోయింది.

ఇక దారం పని తీరు. ఒక కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను బిగువుగా లాగి ముక్కు కొనకు ఆనించాలి. మధ్య పూసను చూస్తే దారం రెండు దారాలుగా కనబడి, సరిగ్గా ఆ పూస దగ్గర ఇంటూ గుర్తులా కలుసుకోవాలి. ముందున్న పూస, వెనకున్న పూస జంటలుగా కనిపించాలి. ఆ కూడలి పూసకు వెనక పడితే కళ్లు తగినంత దగ్గరకు రాలేదని, ముందు పడితే అవసరానికి మించి వచ్చాయని అర్థం. ఒక దారం మొత్తంగా మాయమైతే మెదడు ఒక కంటి చూపును పక్కన పెట్టేసిందన్నమాట. పెన్సిలును చూస్తూ ముక్కు దగ్గరకు తెచ్చే వ్యాయామంలో ఈ సంగతి మనకు తెలియదు. ఒక కన్ను పని మానేసినా పెన్సిలు ఒకటిగానే కనబడి, బాగుపడ్డామని భ్రమ కలుగుతుంది. దారం దగ్గర అలాంటి భ్రమకు తావు లేదు, నాకు దాని విలువంతా అక్కడే ఉంది.

లోపాలూ ఉన్నాయి. పూసల రంధ్రాలు మరీ వదులు, దారం కాస్త వంగితే చాలు పూస జారిపోతుంది. దారాన్ని ఒక్కో పూసలోంచి రెండుసార్లు దూర్చిన తరువాతే ఆ బాధ తప్పింది. సున్నం వేసిన గోడ ముందు తెల్లదారం కనబడదు, వెనక ముదురు రంగు దుప్పటి వేలాడదీయాలి. మొదటి వారాలలో వ్యాయామం అయ్యాక తల తిరిగేది, వికారం వచ్చేది. అందుకే చికిత్సకురాలు చెప్పినట్టు తలనొప్పి పెరగగానే ఆపేసేదాన్ని. పైగా ఇది పరమ విసుగు పుట్టించే పని.

దారం ఒక్కటే ఇంట్లో పెట్టుకుంటే చాలునని మాత్రం నేను చెప్పను. అమెరికాలో కన్వర్జెన్స్ లోపం ఉన్న 9 నుంచి 17 ఏళ్ల పిల్లలు 221 మందిపై జరిగి 2008లో వెలువడిన పరిశీలనలో, క్లినిక్‌లో చికిత్సతోపాటు ఇంటి అభ్యాసం చేసినవారిలో 73 శాతం మంది మెరుగుపడితే, ఇంట్లో పెన్సిలు వ్యాయామం మాత్రమే చేసినవారిలో 43 శాతం మందే మెరుగుపడ్డారు. అది కంకషన్ రోగుల మీద చేసినది కాదు, అయినా నా అనుభవం ఆ దిశగానే ఉంది.

గులాబీ అద్దాల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. కాంతిలో నీలం, ఆకుపచ్చల మధ్య భాగాన్ని, సుమారు 480 నానోమీటర్ల ప్రాంతాన్ని, అవి తగ్గిస్తాయి. ట్యూబులైట్ల కింద, సూపర్ బజారు అరల మధ్య నాకు నిజంగానే ఉపశమనం ఇచ్చాయి, కానీ అక్షరాలు జంటలు కావడాన్ని ఏమాత్రం ఆపలేదు. బ్లూ కట్ పేరుతో అమ్మే మామూలు అద్దాలు వీటికి ప్రత్యామ్నాయం కావు. రంగులు మారి కనిపిస్తాయి కనుక చీరల దుకాణంలో మాత్రం ఈ గులాబీ అద్దాలను తీసేయక తప్పదు. ఇంట్లో నల్లద్దాలు పెట్టుకు తిరగడం చెడ్డ అలవాటు. కళ్లు చీకటికి అలవాటుపడి వెలుతురు మరింత గుచ్చుతుంది.

ఇప్పుడు గంటసేపు ఆగకుండా చదవగలుగుతున్నాను. ఫోనులో వేళ్లతో వేగంగా జరిపే పేజీలు ఇంకా ఇబ్బందే. కొనాలనుకునేవారికి ఒక్క హెచ్చరిక: అక్షరాలు పక్కపక్కన కాక ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనిపిస్తే, తలను ఒక పక్కకు వంచితే తప్ప సర్దుకోకపోతే, అది దెబ్బకు నాలుగో కపాల నాడి (కంటిని కదిలించే నాడులలో ఒకటి) బలహీనపడటం వల్ల కావచ్చు, దానికి ప్రిజం అద్దాలో మరో చికిత్సో డాక్టరే నిర్ణయించాలి, ఈ దారం పనికిరాదు. హఠాత్తుగా ఒకటి రెండుగా కనిపించినా, రెప్ప వాలిపోయినా, ఒక కంటిపాప పెద్దదైనా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.