కోనసీమ గట్లపై రెండు డీజిల్ బండ్లు
కాలువ గట్టు మీద కొబ్బరికాయల ట్రాక్టరు ఎదురైతే ఇంజిన్ బలం కన్నా బండి వెడల్పే ముందు గుర్తుకు వస్తుంది. జీప్ కంపాస్ 1,818 మిల్లీమీటర్లు, మహీంద్రా ఎక్స్‌యూవీ 700ది 1,890. ఆ బెత్తెడు తేడాకే చెమటలు పడతాయి.

రెండూ టర్బో డీజిళ్లే. కంపాస్‌ది 2 లీటర్లు, 170 పీఎస్ (హార్స్ పవర్ లెక్క), తిప్పే బలం (టార్క్) 350 న్యూటన్ మీటర్లు. ఎక్స్‌యూవీది 2.2 లీటర్లు, 185 పీఎస్, ఆటోమేటిక్‌లో 450. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కి లారీలను దాటేటప్పుడు ఈ ఎక్కువ బలం హాయిగా తెలుస్తుంది. మూడో వరుస సీట్లూ దానికే. పెళ్లిళ్ల కాలంలో అది చిన్న సంగతేమీ కాదు.

అంతర్వేది ఇసుకకు, వానాకాలపు ఒండ్రు బురదకు మాత్రం నా ఓటు కంపాస్‌కే. దాని 4x4 రకంలో ఇసుక, బురదలకు విడి మోడ్ ఉంది, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందేలా ఉంచే లాక్ ఉంది.