స్కూల్ షూ కొనేముందు మడమ లోపల వేలు పెట్టి చూడండి

నల్లగొండలో పిల్లలకు స్కూల్ షూ కొనడానికి పోయేవాళ్ళు రెండు నిమిషాలు ఇది చదివి పోండి. మాకు 650 రూపాయలు పోయాయి, అది పక్కన పెట్టండి. ఐదేళ్ళ మా పాప నాలుగు రోజులు కుంటుకుంటూ నడిచింది.

షాపు పేరు రాయను. క్లాక్ టవర్‌కు దగ్గర్లోనే ఉంది. జూన్ 12న బడి తెరుస్తారని పదో తారీఖు సాయంత్రం పోయాం. లోపల కాలు పెట్టే జాగా లేదు. షాపువాడు పాపను స్టూల్ మీద కూర్చోబెట్టి, సాక్స్ లేకుండానే ఒక్క కాలికి తొడిగి, ముందు బొటనవేలితో నొక్కి "సరిపోయింది అక్కా" అన్నాడు. వదులుగా ఉంది కదా అంటే "పెరిగే పిల్ల, ఒక సైజు పెద్దదే మంచిది, వచ్చే ఏడు కూడా నడుస్తది" అన్నాడు. మడమ దగ్గర గట్టిగా ఉందే అంటే "రెండు రోజులు తొడిగితే అదే మెత్తబడ్తది" అన్నాడు. వచ్చే ఏడు ఖర్చు తప్పుతుందన్న ఆశ నాకూ ఉంది, అబద్ధమెందుకు. తీసుకున్నాను.

మొదటి రోజు బడి నుంచి వస్తూనే "అమ్మా, షూ కరుస్తుంది" అంది. కొత్తవి కదా, అలాగే ఉంటుందిలే అన్నాను. రెండో రోజు వాన. తడి సాక్స్‌తోనే సాయంత్రం దాకా కూర్చుంది. ఇంటికొచ్చాక విప్పబోతే సాక్స్ మడమకు అతుక్కుపోయి ఉంది. రూపాయి బిళ్ళంత బొబ్బ చితికి, పైతోలు ఒక పక్కకు ముడుచుకుపోయింది.

మా అమ్మది దేవరకొండ దిక్కు. చెప్పు కరిస్తే ఆముదం రాసి ఒక రాత్రి పక్కన పెట్టడమే ఆమెకు తెలిసిన ఉపాయం. తోలు చెప్పుకైతే పనిచేస్తుంది, నూనె తాగి తోలు మెత్తబడుతుంది. ఇది రెక్సిన్. పొద్దున చూస్తే ఆముదం పైపైనే ఉంది, షూ ఎప్పటి గట్టిదనమే.

అప్పుడు మడమ లోపల వేలు పెట్టి తడిమాను. బూడిదరంగు స్పాంజి జిగురు ఊడి కిందికి జారింది. దాని వెనక ప్లాస్టిక్ ముక్క అంచు, కోసిన డబ్బా మూతలాగా, నా వేలినే గీరింది. షూ ఒక సైజు పెద్దది కాబట్టి అడుగు వేసినప్పుడల్లా మడమ పైకి లేచి, ఆ అంచు మీద రాసుకుంటూ దిగుతోంది. బిగుతైతేనే కరుస్తాయని అనుకునేదాన్ని, వదులైనా అంతే. పైగా తడికి నానిన చర్మం ఇంకా తొందరగా లేచిపోతుంది.

షాపుకు తీసుకుపోతే "వాడినవి వాపసు తీసుకోం" అన్నాడు. నా దగ్గరున్నది అంకె రాసిన చిన్న చీటీ. బిల్లు అడగకపోవడం నా తప్పే. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకోనంటే అదీ తప్పే. మీరు మాత్రం బిల్లు అడిగి తీసుకోండి. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

రెండోసారి వేరే షాపులో కొన్నాం. ఈసారి పాపను అట్ట మీద నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్నుతో గీసి, కత్తిరించి పట్టుకుపోయాను. ఎడమది కొంచెం పెద్దగా వచ్చింది, దాని ప్రకారమే తీసుకున్నాం. అట్ట షూలో పెడితే ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. మడమ వెనక మాత్రం పట్టి ఉండాలి. ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లే, అయినా ఆ కొంచెమే మడమను ఆడిస్తుంది. పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే పోండి. బడి సాక్స్ తొడిగి, రెండు షూలూ వేసి, షాపులో కాసేపు ఉరికించండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీ.

ఇంట్లో రోజుకు గంట చొప్పున మూడు నాలుగు రోజులు తొడిగించాకే బడికి పంపాను. వానాకాలం కదా, బ్యాగులో ఇంకో జత సాక్స్ పెడుతున్నాను.

ఇప్పటికే బొబ్బ లేచి ఉంటే సూదితో పొడవకండి. సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, మెత్తటి పట్టీ వేసి, మానేదాకా వెనక మూసి ఉండని చెప్పులతో పంపండి. మా టీచర్‌ను అడిగితే ఒప్పుకుంది. చుట్టూ ఎర్రదనం పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించండి.

నిన్న అటువైపు పోతే అవే షూలు షాపు ముందు తాడుకు వేలాడుతున్నాయి. నల్ల రెక్సిన్, రెండు వెల్క్రో పట్టీలు, మడమ లోపల బూడిదరంగు స్పాంజి. ఆ స్పాంజిని గోటితో కొంచెం లేపి చూడండి, కింద ప్లాస్టిక్ అంచు తగిలిందంటే అక్కడే పెట్టేసి రండి.