సొంత కుక్కా, వచ్చిపోయే థెరపీ కుక్కా: ఏది మేలు?

చెన్నైలో కోడంబాక్కం, పెరంబూరు వంటి చోట్ల అపార్టుమెంట్లలో ఉండే మన తెలుగు కుటుంబాల్లో, పక్షవాతంతో మంచాన పడినవారికో, జీవిత భాగస్వామి పోయి ఒంటరిగా మిగిలినవారికో ఒక కుక్క తోడుంటే బాగుంటుందన్న ఆలోచన వస్తుంటుంది. ఆలోచన మంచిదే. అయితే కుక్కను తెచ్చి పెంచుకోవడమా, రోగులకు ఊరటనిచ్చేలా శిక్షణ పొందిన థెరపీ కుక్కను దాని యజమానితో సహా వారానికొకసారి రప్పించుకోవడమా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

రెండో పద్ధతి ఈ ఊరికి కొత్త కాదు. జంతు సంక్షేమ కార్యకర్త జిల్ రాబిన్సన్ 1991లో హాంగ్‌కాంగ్‌లో ప్రారంభించిన ‘డాక్టర్ డాగ్’ కార్యక్రమాన్ని ఇక్కడ బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ కూడా నడిపింది. థెరపీ కుక్కకు జాతికన్నా స్వభావం ముఖ్యం. చేతికర్ర దబ్బున కింద పడినా, ఎవరైనా చెవి గట్టిగా పట్టుకున్నా అది బెదరకూడదు, కరవకూడదు.

మంచం పట్టినవారికి నేను ఈ పద్ధతినే మేలంటాను. ఫిజియోథెరపిస్టు దగ్గరుండి, బలం తగ్గిన చేతికి ఒక బ్రష్షు అందించి, కుక్క వీపును మెడ నుంచి తోక దాకా దువ్విస్తారు. రబ్బరు బంతిని నొక్కమంటే విసుక్కునే మనిషి, ఎదురుగా ఆ ప్రాణి ఒళ్లప్పగించి కూర్చున్నప్పుడు, తన భుజం కదులుతోందన్న ధ్యాస కూడా లేకుండా దువ్వుతూనే ఉంటారు. తరువాత కుక్క తన ఇంటికి వెళ్లిపోతుంది కనుక, దాని తిండి, స్నానం, బయట తిప్పడం అప్పటికే అలసిపోయి ఉన్న ఇంటి ఆడవాళ్ల నెత్తిన పడవు. మన ఇళ్లలో ఆ పనులు చివరికి ఎవరి వంతుకు వస్తాయో అందరికీ తెలిసిందే.

అదే, కాళ్లూ చేతులూ ఆడుతూ, పలకరించే దిక్కు లేక కుంగిపోతున్న పెద్దవారికైతే వారానికో గంట ఏ మూలకూ చాలదు. వారికి సొంత కుక్కే నయం. పొద్దున్నే లేవడానికి ఒక కారణం దొరుకుతుంది; వీధిలో దాన్ని నడిపిస్తుంటే అంతవరకూ తలెత్తి చూడని పక్కింటివారు సైతం ఆగి “దీని పేరేంటండీ?” అని అడుగుతారు. అయితే లాగి పడేసే లాబ్రడార్ కూన కాకుండా, ఆశ్రయ కేంద్రంలో నెమ్మదితనం తెలిసిన, వయసొచ్చిన నాటు కుక్కను ఎంచుకోవాలి. చెన్నై ఎండల్లో తారు రోడ్డు దాని పాదాలను కాల్చేస్తుంది కనుక పొద్దెక్కకముందే తిప్పి తేవాలి. కార్పొరేషన్ లైసెన్సు, ఏటా రేబిస్ టీకా తప్పవు. యజమాని ఆసుపత్రి పాలైతే దాన్ని ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోకపోతే ఈ ఊసే ఎత్తవద్దు.

కీమోథెరపీలో ఉండి తెల్ల రక్తకణాలు తగ్గినవారు, మానని పుండ్లు ఉన్నవారు ఏ కుక్కనైనా వైద్యుణ్ణి అడిగాకే దగ్గరకు రానివ్వాలి.

థెరపీ కుక్కను పిలిచేవారు మొదటి రోజే టీకా కార్డు చూపించమని అడగాలి. అది పదేపదే ఆవలిస్తున్నా, మూతి నాక్కుంటున్నా, ముఖం తిప్పేసుకుంటున్నా అలసిపోయినట్టే. రోగి ఇంకాసేపు ఉండనివ్వమన్నా ఆనాటికి పంపేయాలి.