పాస్తా గంజి పారబోయకండి: రెండేళ్లు వండిన తరువాత నా అభిప్రాయం

పని ముగించుకుని ఆలస్యంగా ఇంటికి చేరే రోజుల్లో టొమాటో, చీజ్, క్రీమ్ కలిపిన పాస్తాను రాత్రి భోజనానికి వండడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. వారానికి ఒకసారి తప్పనిసరిగా, కొన్ని వారాల్లో రెండుసార్లు వండాను కనుక ఈ పద్ధతిలోని మంచిచెడ్డలు చెప్పగలననే అనుకుంటున్నాను. వెల్లుల్లి వేయించి, టొమాటో మగ్గించి, క్రీమూ చీజూ వేసి, ఉడికిన పాస్తాను అందులో కలపాలన్న సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఆ క్రమాన్ని మళ్లీ వివరించను. నేను చెప్పదలచుకున్నదంతా పాస్తాను వార్చినప్పుడు వచ్చే గంజి గురించి. మొదటి ఆరు నెలలూ దాన్ని సింకులో పారబోశాను. ఈ రోజు ఆ వంటలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది దానికే.

దాని విలువ తెలిసింది వంట పూర్తిగా చెడిపోయిన ఒక రాత్రి. ఆ రోజు ఇంట్లో క్రీమ్ అయిపోయింది. పాలు ఉన్నాయి కదా, చిక్కగా మరిగిస్తే సరిపోతుందని అనుకున్నాను. టొమాటో గుజ్జు పెద్ద మంట మీద కుతకుత ఉడుకుతుండగానే పాలు పోశాను, ఆకలి తొందరలో ఆ వెంటనే ప్యాకెట్లో వచ్చే తురిమిన చీజ్‌ను రెండు గుప్పిళ్లు వేశాను. నిమిషం తిరగకుండానే పాలు విరిగి తెల్లని పలుకులుగా విడిపోయాయి, చీజ్ కరిగి కలవడానికి బదులు ముద్దగా గరిటెకు చుట్టుకుని తీగలు సాగింది, అంచుల వెంట ఎర్రని నూనె తేలింది. మంట తగ్గించి ఎంత కలిపినా అది మళ్లీ సాస్ కాలేదు, సర్దుబాటు చేయడానికి గంజి చుక్క కూడా మిగల్లేదు. ఆకలితో ఉన్న పిల్లలకు అదే వడ్డించాను. వాళ్లు ఏమీ అనలేదు గానీ పళ్లేలు సగం నిండుగానే వెనక్కి వచ్చాయి, అది నాకు చాలా రోజులు బాధగా ఉండిపోయింది.

తరువాత తీరికగా కారణాలు వెతికితే ఆ రాత్రి ఒకటి కాదు, మూడు తప్పులు జరిగాయని అర్థమైంది. పాలలో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ ఆమ్లత 4.6 పీహెచ్ దగ్గరకు చేరినప్పుడు గడ్డకడుతుంది, టొమాటో పులుపు దాదాపు ఆ స్థాయిలోనే ఉంటుంది, పైగా వేడి తోడైతే పాలు ఇంకా తొందరగా విరుగుతాయి. క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ తక్కువ కాబట్టి అది ఆ పులుపును తట్టుకుంటుంది. చీజ్ విషయంలో అసలు శత్రువు వేడి: సాస్ మరుగుతున్నప్పుడు అందులోని ప్రోటీన్లు ఒకదానినొకటి పట్టుకుని బిగుసుకుపోయి నీటినీ కొవ్వునూ బయటకు నెట్టేస్తాయి. ఇక ప్యాకెట్ తురుము అంటుకోకుండా దాని మీద పొడి చల్లి ఉంచుతారు కనుక, ముద్ద చీజ్‌ను అప్పటికప్పుడు సన్నగా తురిమినంత నునుపుగా అది సాస్‌లో కలవదు.

గంజి ఇక్కడే ఆదుకుంటుంది. అందులో కరిగి ఉన్న పిండిపదార్థం చీజ్ ప్రోటీన్ల మధ్య అడ్డుగా నిలిచి అవి ఉండ కట్టకుండా ఆపుతుంది, కొవ్వునూ నీటినీ కలిపి ఉంచుతుంది. చీజ్, మిరియాలతో చేసే ఇటాలియన్ పాస్తా సాస్ మీద కొందరు భౌతిక శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనకు 2025లో, మొదట నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. చీజ్ బరువులో 2 నుంచి 3 శాతం పిండిపదార్థం ఉంటే సాస్ నునుపుగా నిలుస్తుందని, 1 శాతం కన్నా తగ్గితే ఉండలు కడుతుందని వాళ్లు తేల్చారు. అందులో టొమాటో లేదు కాబట్టి ఆ లెక్క నా వంటకు అచ్చంగా వర్తిస్తుందని అనను, కానీ నా గిన్నెలో చూసినదానికి అది బాగా సరిపోయింది. ఇప్పుడు స్టవ్ ఆపి, నిమిషం ఆగి, కప్పులో మూడో వంతు వేడి గంజి పోసి, చీజ్‌ను కొద్దికొద్దిగా చల్లుతూ కలుపుతాను. సాస్ మెరుస్తూ ప్రతి ముక్కకూ పట్టుకుంటుంది. మునుపు కప్పు క్రీమ్ పోసేదాన్ని, ఇప్పుడు దానిలో సగం కూడా అవసరం పడడం లేదు, టొమాటో రుచి కూడా ఇదివరకటి కన్నా స్పష్టంగా తెలుస్తోంది.

ఇంతగా మెచ్చుకున్నాను కానీ, మామూలుగా ఉడికించిన నీరు ఈ పనికి చాలాసార్లు పలుచగానే ఉంటుంది. 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లన్న లెక్కను నేను వదిలేసి, 250 గ్రాములకు లీటరున్నర మాత్రమే పెడుతున్నాను. అప్పుడు గంజి చిక్కగా వస్తుంది, కానీ పాస్తా అడుగంటకుండా మొదటి రెండు నిమిషాలూ కలుపుతూ నిలబడాలి. ఆ నీరు సాస్‌లోకే వెళుతుంది, చీజ్‌లోనూ ఉప్పు ఉంటుంది కనుక ఉప్పు కూడా తగ్గించాలి. ఒకసారి ఆ సంగతి మరిచి ఎవరూ తినలేనంత ఉప్పగా చేశాను. పావుగంటలో అయిపోతుందని మొదట్లో చాలామందికి చెప్పాను, నీళ్లు మరిగే సమయం కలిపితే ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. మిగిలినది మరునాటికి బాగుండదు: పాస్తా సాస్‌ను పీల్చుకుని ఉబ్బుతుంది, వేడి చేస్తే నూనె తేలుతుంది.

మా ఇంట్లో తినేది ముగ్గురమే, వండిన వెంటనే కూర్చుని తింటాం, పాల పదార్థాలు అందరికీ పడతాయి కాబట్టి ఈ వంట మాకు ఇంత బాగా కుదిరింది. ఆరేడుగురికి వండేవారికి, లేదా ఒక్కొక్కరు ఒక్కో వేళకు తినే ఇంటికి, క్రీమ్ లేని ఉత్త టొమాటో సాస్ మేలని నా అభిప్రాయం. అది చల్లారినా, మళ్లీ వేడి చేసినా విడిపోదు. నా మటుకు నేను మానే ఉద్దేశంలో లేను. అలవాటు కొద్దీ గంజి పారబోసిన రాత్రులు తరువాత కూడా రెండు మూడు ఉన్నాయి కాబట్టి, ఇప్పుడు నీళ్లు స్టవ్ మీద పెట్టేటప్పుడే చిల్లుల గిన్నెలో ఒక గ్లాసు పెట్టి ఉంచుతున్నాను. వార్చబోయే ముందు ఆ గ్లాసు తీయక తప్పదు, తీసిన చేత్తోనే గంజి నింపుకుంటాను.