రెటిక్యులేట్: ఆర్ వాళ్లనూ పైథాన్ వాళ్లనూ ఒక బల్ల దగ్గరికి చేర్చిన ప్యాకేజీ

నేను పదేళ్లుగా ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేస్తున్నాను. పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగిని పైథాన్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష తప్ప వేరేది ముట్టదు. ఒకే డేటాను ఇద్దరం విడివిడిగా శుభ్రం చేసుకునేవాళ్లం. ఆర్ లోపలి నుంచే పైథాన్ కోడ్ నడిపించే ఈ ఉచిత ప్యాకేజీ రెటిక్యులేట్ వచ్చాక ఆ రెండింతల చాకిరీ తప్పింది. ఆమె పాండాస్‌తో (పైథాన్‌లో పట్టికల పనికి వాడే ప్యాకేజీ) తయారుచేసిన పట్టిక నేరుగా నా ఆర్‌లోకి డేటా ఫ్రేమ్‌గా, అంటే ఆర్ పట్టికగా, వచ్చేస్తుంది.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. ఆర్‌లో 1 అని రాస్తే అది పైథాన్‌కు 1.0 అనే దశాంశ సంఖ్యగా చేరుతుంది. జాబితాలో స్థానం చెప్పడానికి అది పనికిరాదు, 1 పక్కన ఎల్ అక్షరం చేర్చి 1L అని రాయాలి. పైగా ఆర్ లెక్క 1తో మొదలైతే పైథాన్ లెక్క 0తో మొదలవుతుంది. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

2016లోనే ఆర్ వైపు నుంచి హ్యాడ్లీ విక్‌హామ్, పైథాన్ వైపు నుంచి వెస్ మెకిన్నీ కలిసి రెండు భాషల్లోనూ చదవగలిగే ఫెదర్ అనే ఫైలు పద్ధతిని తెచ్చారు. పెద్దలు కలిసినా మా గదిలో పంతాలు పోలేదు. రెటిక్యులేట్‌తో పోయాయి. నిన్న ఆమే వచ్చి నా జీజీప్లాట్ (ఆర్‌లో గ్రాఫులు గీసే ప్యాకేజీ) కోడ్ అడిగి తీసుకుంది.

అయిదుకు అయిదు నక్షత్రాలు.